నడినెత్తిన చిల్లు

ఆ కుట్టు హాల్లో ఇద్దరు తోడికోడళ్లు పనిచేసేవారు. ఇద్దరికీ సొంత పేర్లు లేకపోలేదు గానీ వాటితో ఎవరికీ పని పడలేదు. పెద్ద కోడలు, చిన్న కోడలు అంటే సరిపోయేది. ఎవరి కోడళ్లని అడగాల్సిన పని కూడా లేదు. వాళ్ల అత్తగారు అదే హాల్లో, అదే పొడుగాటి బల్ల దగ్గర జుట్టు నెరిసేదాకా పారాచూట్లు కుట్టి, కళ్లు మసకలు కమ్మాక ఇంటికి వెళ్లిపోయింది. ఆవిడ కూర్చున్న ఎత్తు స్టూలు బల్ల మొదట్లో ఖాళీగా ఉంది. ఆ స్టూలెక్కిన మనిషి మాటే బల్లకి చట్టం. ఏ గుడ్డ పనికొస్తుంది, ఏ కుట్టు విప్పి మళ్లీ వెయ్యాలి, అన్నీ ఆ మనిషే తేల్చాలి.

ఆ స్టూలు తనదేనని పెద్ద కోడలు ఏనాడో నిశ్చయించుకుంది. నిశ్చయించుకోక ఏం చేస్తుంది? కాపురానికి వచ్చిన ఏడాదే అత్త పక్కన చేరి పని నేర్చుకుంది. అత్త కసిరితే పడింది, విప్పమంటే విప్పింది, సూది దిగని వేలంటూ మిగలకుండా కుట్టింది. అంతా అయి, ఇక ఎక్కి కూర్చోవడమే తరువాయి అనుకుంటుండగా మరిదిగారు పెళ్లాడి ఒక పిల్లని తెచ్చాడు. ఆ పిల్ల ఇంట్లో కుదురుగా ఉండక హాల్లోకి వచ్చింది. వచ్చింది చాలక లెక్కలు వెయ్యడం మొదలుపెట్టింది.

చిన్న కోడలిలో పెద్ద కోడలికి నచ్చనివి చాలా ఉండేవి. అన్నిటికన్నా నచ్చనిది, ఆ పిల్లలో తిట్టడానికి ఏమీ దొరక్కపోవడం. పొగరుంటే కడిగేసేది. బద్ధకం ఉంటే నలుగురిలో పెట్టేసేది. ఆ పిల్ల చూస్తే పొద్దున లేచి వాకిలి ఊడ్చి, "అక్కా, నీ డబ్బా కూడా సర్దేశాను" అని నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. మండుతున్నందుకు తన మీద తనకే మరింత మండేది.

ఆ రోజుల్లో హాలుకి ఒక చిక్కొచ్చి పడింది. వాళ్లు కుట్టే పారాచూట్ల గుండ్రటి గొడుగులు నెమ్మదిగానే దిగేవి, కానీ ఊగేవి. గడియారం లోలకంలా ఇటూ అటూ ఊగుతూ దిగుతుంటే కొత్తగా దూకడం నేర్చుకునేవాళ్లు దారిలోనే కక్కుకునేవారు. నేల తగిలే సమయానికి ఏ పక్కకి ఊగి ఉంటే ఆ పక్క చీలమండ విరిగేది. ఈ ఊపు ఎవరు తగ్గిస్తే ఆ స్టూలు వాళ్లదేనని మేనేజరు అందరి ముందూ చెప్పేశాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు చిన్న కోడలి వైపు పోయిందని పెద్ద కోడలికి అనుమానం. పోయిందో లేదో మనకి తెలీదు. ఆవిడకి మాత్రం కచ్చితంగా తెలుసు.

ముందు పెద్ద కోడలే నడుం బిగించింది. గొడుగు ఇంకా పెద్దదిగా, ఇంకా చిక్కటి గుడ్డతో కుడితే గాలిని బాగా పట్టి ఉంచుతుంది, అప్పుడు కదలదు అని ఆవిడ లెక్క. కుట్టింది. దాన్ని అల్లుడుగారికి కట్టారు.

అల్లుడుగారంటే ఇసుక నింపిన కాన్వాసు బొమ్మ. మనిషంత పొడుగు, మనిషంత బరువు. పది మంది కలిసి మోసుకెళ్లాలి, పట్టీలు బిగించి ముస్తాబు చెయ్యాలి, విమానం ఎక్కించాలి, దిగాక ఎదురెళ్లి మళ్లీ మోసుకురావాలి. ఇంత చేయించుకుని తాను ఒక్క పనీ చెయ్యడు కాబట్టి హాలు ఆడవాళ్లు ఆ పేరు పెట్టారు.

పెద్ద కోడలి గొడుగుతో అల్లుడుగారు భేషుగ్గా నెమ్మదిగా దిగాడు. మరీ నెమ్మదిగా దిగాడు. ఆ దిగడంలో ఊపు తగ్గకపోగా, గాలివాటానికి కొట్టుకుపోయి, కంచె దాటి, పక్కవాళ్ల మేడ మీద ఆరేసిన దుప్పట్లలో పడ్డాడు. ఆ ఇంటావిడ అరుపులకి వీధి వీధంతా బయటికి వచ్చింది. హాల్లో ఆ రోజంతా నవ్వులే. పెద్ద కోడలు కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి కాబట్టి నవ్వింది.

సాయంత్రం ఇంట్లో చిన్న కోడలు ఒక చేతిరుమాలు నాలుగు కొసలకీ దారాలు కట్టి, వాటికి ఒక పాత తాళంచెవి వేలాడదీసి, కుర్చీ ఎక్కి అత్తగారి ముందు వదిలింది.

"చూడండి అత్తయ్యా. తాళంచెవిని భూమి కిందికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగడం ఎక్కువా కాదు, తక్కువా కాదు. గాలి అలా కాదు. మనం ఎంత జోరుగా పడితే అంత గట్టిగా ఎదురు తోస్తుంది. ఎక్కడో ఒక చోట ఆ తోపూ ఈ లాగుడూ సమానం అవుతాయి. అక్కడి నుంచి వేగం పెరగదు, ఒకే తీరుగా దిగుతుంది."

"అది ఇన్నేళ్లూ నా గొడుగులకి తెలిసిన సంగతేగా," అంది అత్తగారు.

"అవునండీ. మరి ఊపెందుకు వస్తోంది? లోపల నిండిన గాలికి పైకి పోవడానికి దారి లేదు. నిండి నిండి, ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి పొర్లిపోతోంది. పొర్లినప్పుడల్లా గొడుగు రెండో పక్కకి ఒరుగుతోంది. నడినెత్తిన చిన్న చిల్లు పెడితే గాలి కొంచెం తిన్నగా పైకి పోతుంది. అంచుల మీద పడదు."

పెద్ద కోడలు కూరలు తరుగుతూ అంది, "ఇల్లు కారుతోందని ఇంకో చిల్లు పెట్టుకున్నట్టుంది నీ తెలివి. గొడుగుకి చిల్లు పెడితే మనిషి రాయిలా పడతాడు."

చిన్న కోడలు నవ్వేసి ఊరుకుంది. అత్తగారు మాత్రం ఆ చేతిరుమాలుని అందుకుని, మసక కళ్లకి దగ్గరగా పెట్టుకుని, వేలితో నడిమధ్య నొక్కి చూస్తూ చాలాసేపు కూర్చుంది. పెద్ద కోడలు తెచ్చిన ఏ గుడ్డనీ ఆవిడ అంతసేపు చూసిన పాపాన పోలేదు. కత్తిపీట మీద పెద్ద కోడలి చెయ్యి ఆగిపోయింది. కడుపులో మంట అన్న మాట ఊరికే పుట్టలేదు. అది నిజంగా కడుపులోనే మొదలవుతుంది, అక్కడి నుంచి గొంతుదాకా వస్తుంది.

చిన్న కోడలు తన లెక్క ప్రకారం గొడుగు నడినెత్తిన చిల్లు గీసి, కోసి, చుట్టూ మందపాటి నాడా వేసి మిషను మీద కుట్టింది. చిల్లు అంచంటే ఆషామాషీ కాదు. గుడ్డ ముక్కలన్నీ అక్కడే కలుస్తాయి, గొడుగు ఒక్కసారిగా విచ్చుకున్నప్పుడు బరువంతా వచ్చి ఆ అంచునే లాగుతుంది. అందుకే నాడా ఒకే ముక్కగా ఉండాలి, లావు దారంతో వరస మీద వరస పడాలి. ఆ గొడుగుతో అల్లుడుగారు దిగినప్పుడు ఊపు సగానికి సగం తగ్గింది. హాలంతా చప్పట్లు కొట్టింది. దూకడం నేర్పే మాస్టారైతే, దూకుడు మాస్టారనే అందరూ పిలిచేది ఆయన్ని, చిన్న కోడలికి టోపీ తీసి మరీ దణ్ణం పెట్టాడు.

"ఇంకా సగం ఉందిగా," అంది చిన్న కోడలు మొహమాటంగా. "తాళ్ల పొడవు కొంచెం మార్చి చూస్తాను. చిల్లు మాత్రం సరిగ్గానే ఉంది."

ఇంకో పరీక్ష అన్నారు. అది కూడా బాగుంటే స్టూలు ఆ పిల్లదే. పెద్ద కోడలు చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ పిల్ల ఇంట్లో అత్తని తీసుకుంది. హాల్లో మేనేజరుని తీసుకుంది, మాస్టారుని తీసుకుంది. ఇప్పుడు నా స్టూలు కూడా తీసుకుంటుంది. తీసుకుని, "అక్కా, నువ్వు కూర్చో" అని మర్యాద కూడా చేస్తుంది. ఆ మర్యాద తలుచుకుంటేనే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి బయటికి వెళ్లారు. పెద్ద కోడలు ఆకలి లేదని ఉండిపోయింది. గొడుగు బల్ల మీద పరిచి ఉంది. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, నాడా కుట్లు విప్పింది. చిల్లు చుట్టూ కత్తెర ఆడించి వెడల్పు చేసింది. కొలవలేదు, గియ్యలేదు, చేతికి వచ్చినట్టు కోసింది. చిల్లు పెద్దదైతే అల్లుడుగారు ధనామని పడతాడు, పొట్ట పగిలి ఇసుక చిమ్ముతుంది, లెక్కలు తెలిసినమ్మ లెక్క తప్పుతుంది. అంతే ఆవిడ ఆలోచన. బొమ్మే కదా, ప్రాణమా పోయింది అని తనకి తానే సర్ది చెప్పుకుంది కూడా.

నాడా మళ్లీ వెయ్యబోతే చాలలేదు. చిల్లు పెరిగింది, నాడా పెరగలేదు. ఒక ముక్క అతికి, మిషను చప్పుడైతే ఎవరైనా వస్తారని భయపడి, చేతికందిన సన్నదారంతో గబగబా సూది పని చేసి, అతుకుని మడతలో దాచేసింది. అత్తగారు చూసి ఉంటే ఆ కుట్టుని కుట్టనే అనేది కాదు.

సాయంత్రం అల్లుడుగారు విమానం నుంచి దిగాడు. పెద్ద కోడలు పైకి చూసింది. గొడుగు విచ్చుకుంది. బొమ్మ కిందికి వస్తోంది. ఊగడం లేదు. నూతిలోకి చేద దించినట్టు తిన్నగా, నింపాదిగా వస్తోంది. కాస్త జోరు పెరిగిన మాట నిజమే, కానీ కాస్తే. ఆ జోరుకి తగ్గట్టు గాలి కూడా ఎదురుతోపు పెంచేసింది, మళ్లీ రెండూ సమానమైపోయాయి. చిన్న కోడలు ఇంట్లో తాళంచెవి పట్టుకుని చెప్పింది అదే. చెప్పేది చిన్న కోడలు కావడంతో పెద్ద కోడలు వినలేదు. అల్లుడుగారు నేల మీద రెండు కాళ్లూ ఒకేసారి ఆనించి, ఆ తర్వాతే మర్యాదగా పక్కకి ఒరిగాడు.

జనం పరుగెత్తారు. మైదానంలోనే గొడుగు పరిచి మడతపెట్టడం మొదలుపెట్టారు. మడతలో నెత్తి వైపు పట్టుకునే హక్కు పాతవాళ్లది, అందుకని పెద్ద కోడలు అక్కడే నిలబడింది. ఆవిడ బొటనవేలి కింద అతుకు దగ్గర దారాలు కొన్ని తెగి వదులైన సంగతి తెలిసింది. మాస్టారు చిల్లు చూసి ఆగాడు.

"ఇదేంటి, గీసిన దానికంటే పెద్దగా ఉందే?"

చిన్న కోడలు వంగి చూసింది. చిల్లు మీద అరచెయ్యి పరిచి చూసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది, "నేను పెట్టింది ఇంత లేదండి. నేను తాళ్లు కాస్త మార్చానంతే, వాటితో ఇంత ఊపు తగ్గదు. ఇది అక్క చేసినట్టుంది. మధ్యాహ్నం హాల్లో అక్కే ఉంది."

అయిపోయింది, దొరికిపోయాను అనుకుంది పెద్ద కోడలు. మేనేజరు ఆవిడ భుజం తట్టాడు.

"చెప్పకుండా చేసేశారా అమ్మా? అదీ అనుభవం అంటే. చిన్నావిడ లెక్కకి మీ చెయ్యి తోడైంది. స్టూలు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నోరు తెరిచి అతుకు సంగతి చెప్పడం ఎలా? తర్వాత ఎవరూ చూడకుండా విప్పి గట్టిగా కుడదాం అనుకుంది. అనుకుంటుండగానే మాస్టారు గొడుగుని సంచిలో పెట్టి, మూసి సీలు వేసేశాడు. రేపు మనిషి దూకేదాకా ఆ సీలు ఎవరూ ముట్టకూడదు. కొత్త నమూనా బొమ్మతో నెగ్గితే, దానితో మొదట దూకాల్సింది దాన్ని చేసినవాళ్లే. అది ఆ హాలు పాత కట్టుబాటు. తన కుట్టు మీద తన ప్రాణం పెట్టలేనివాళ్లు ఇతరుల కోసం సూది పట్టకూడదని అత్తగారి కాలం నుంచీ వస్తున్న మాట. పెద్ద కోడలు ఇదివరకు ఎన్నోసార్లు దూకింది, చిన్న కోడలూ వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది.

"రేపు మీరే అమ్మా," అన్నాడు మాస్టారు పెద్ద కోడలితో.

ఇంటికి వెళ్తే కబురు ముందే చేరింది. అత్తగారు పెద్ద కోడలిని దగ్గర కూర్చోబెట్టుకుని, తడుముతూ ఆవిడ చేతులు పట్టుకుంది.

"నేను అనుకుంటూనే ఉన్నానే పెద్దమ్మాయ్. నువ్వు నాకంటే బాగా కుడతావు. ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతావని."

ఇన్నేళ్లూ ఈ మాట కోసమే పడి చచ్చింది. ఇప్పుడు వచ్చింది. అదీ ఆ అతుకు వేసిన చేతులనే పట్టుకుని. చిన్న కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ రోజు ఆ పిల్ల నవ్వలేదు. అలిసిపోయింది కాబోలు అనుకుంది పెద్ద కోడలు.

తెల్లారి మైదానంలో గాలి నెమ్మదిగా ఉంది. సీలు వేసిన సంచి గడ్డి మీద ఉంది. మాస్టారు దాన్ని ఎత్తి పెద్ద కోడలి వీపుకి తగిలించబోయాడు. ఆ బరువు భుజానికి తగిలిందో లేదో, ఆవిడ నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"మోకాలు పట్టేసిందండి. రాత్రి నుంచి నడవలేకపోతున్నాను."

అబద్ధం చెప్పాక ఏం జరుగుతుందో ఆలోచించలేదు. తన ప్రాణానికి గండం గడిస్తే చాలు అనుకుంది. చిన్న కోడలు ముందుకొచ్చింది.

"నేను దూకుతానండి. గొడుగు సగం నాదేగా."

ఆ పిల్ల వెంటనే సంచి అందుకుంది. భుజాల పట్టీలు బిగించుకుంది, తొడల పట్టీలు బిగించుకుంది, ఎక్కడా తడబడలేదు. పెద్ద కోడలు చూస్తూ నిలబడింది. నిజం చెప్పుకోవాలంటే, ఆ నిలబడిన కాసేపట్లో ఆవిడ మనసులో ఒక ఆలోచన వచ్చింది. రాకూడనిదే. ఈ పిల్ల లేకపోతే ఇల్లు మళ్లీ ఇదివరకటిలా ఉంటుంది అన్నది ఆ ఆలోచన. తాను ఇలాంటి మనిషినని ఆవిడకి అప్పటిదాకా తెలీదు.

విమానం మోత మొదలైంది. చిన్న కోడలు మెట్టు మీద కాలు పెట్టింది. మోకాలు పట్టేసిన మనిషి పరుగెత్తింది. అందరూ చూస్తుండగా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పడిపోతూ లేస్తూ పరుగెత్తి, ఆ పిల్ల పట్టీలు వెనక నుంచి దొరకబుచ్చుకుని కిందికి లాగింది.

"ఎక్కొద్దు. దిగు. ముందు దిగు."

"ఏమైందక్కా?"

"ఆ నాడాకి అతుకుంది. సన్నదారంతో వేశాను. నిన్ననే కొంత తెగింది." మోత ఆపారు, దానితో చివరి మాటలు మైదానమంతా వినపడ్డాయి. "మంచి చేద్దామని కొయ్యలేదు. బొమ్మ పడి పగలాలని కోశాను. నీకు ఆ స్టూలు రాకూడదని కోశాను."

మేనేజరు ముఖం తిప్పుకున్నాడు. కాసేపయ్యాక, స్టూలు సంగతి ఇక మర్చిపొమ్మని, సూది కూడా ఎన్నాళ్లు పట్టకూడదో తర్వాత చెప్తానని అన్నాడు. ఆవిడ తలూపింది. అందరూ దూరంగా జరిగారు. ఇంటికెళ్లి అత్తగారికి చెప్పాల్సింది కూడా తనేనని అప్పుడే తట్టింది.

చిన్న కోడలు సంచి విప్పుకుని గడ్డి మీద చతికిలబడింది. సీలు తెంపింది. గుడ్డ బయటికి లాగి, నెత్తి దొరికేదాకా వెతికి, నాడా మడత విప్పి, అతుకుని రెండు వేళ్లతో లాగింది. ఊడి వచ్చేసింది. ఆ ఊడిన కొస చూస్తూ ఉండిపోయింది.

పెద్ద కోడలు ఎదురుగా నిలబడింది. కొట్టినా పడదాం అనుకుంది. కొడితే బాగుండును అనుకుంది.

"ఎంత వెడల్పు పెట్టావు?" అంది చిన్న కోడలు.

"తెలీదు. కొలవలేదు."

"కొలవలేదా?"

"లేదు. చేతికొచ్చినట్టు కోశాను."

చిన్న కోడలు తలెత్తింది. ముఖం కందగడ్డలా ఉంది. కళ్లలో నీళ్లున్నాయి.

"నెల్లాళ్లు లెక్కలేశాను నేను. తిండి కూడా సరిగ్గా తినలేదు. చిల్లు సరిగ్గానే ఉందని అందరి ముందూ చెప్పాను. నువ్వు నా మీద కోపంతో కత్తెర ఆడిస్తే, అది నా లెక్క కంటే బాగా వచ్చింది. నిన్న నీ పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు నా నోరు ఎలా మండిందో నీకు తెలుసా? చెప్పకూడదనే అనుకున్నాను. రాత్రి అత్తయ్య నీ చేతులు పట్టుకుంటే అక్కడ నిలబడలేకపోయాను."

"నా వల్ల నువ్వు చచ్చిపోయేదానివి," అంది పెద్ద కోడలు మెల్లగా.

"అవును. దానికి నిన్ను ఎప్పటికీ క్షమించను. కానీ ముందు నాకు ఏడుపొస్తోంది దానికి కాదు. ఆ చిల్లు నాది కాదే అని ఏడుపొస్తోంది. నేనేం మనిషినక్కా?"

పెద్ద కోడలు ఆ పిల్ల ముఖంలోకి తేరిపార చూసింది. బిగుసుకున్న దవడ, ఎదుటి మనిషి చేతుల మీద నుంచి కదలని చూపు, ఏడుపుని మింగేసే ఆ పెదాలు. ఇవేవీ ఆవిడకి కొత్త కావు. ఇన్ని నెలలుగా అద్దంలో చూసుకుంటున్న ముఖమే. ఆ పిల్ల నవ్వుల వెనక కూడా ఇదే ఉందని ఒక్క రోజైనా ఆవిడకి తట్టలేదు. తట్టి ఉంటే కత్తెర పట్టేది కాదేమో. గడ్డి మీద ఆ పిల్లకి కాస్త దూరంలో కూర్చుంది, ఆ పిల్ల పొమ్మనలేదు.